"నగరిలో నా మూల సౌధంబు": చదివే గొంతు ఎక్కడ ఆగాలి?

తెనాలి నుంచి, ప్రశ్న అడిగినవారు:
నెల రోజులుగా ఉదయపు నడకలో పోతన గజేంద్రమోక్షాన్ని మూడు వేర్వేరు ఆడియో పుస్తకాల్లో వింటున్నాను. అందులోని "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల మందార వనాంతర" అనే పద్యాన్ని ముగ్గురూ మూడు విధాలుగా చదువుతున్నారు. మొదటి గొంతు ఒక పెద్దాయనది. ఆయన "నగరిలో నా మూల" అని ఆగి, తరువాత "సౌధంబు దాపల" అంటారు. రెండవ గొంతు ఒక స్త్రీది, చాలా శ్రావ్యమైనది. ఆవిడ "నగరిలో నా" దగ్గర ఆగి, "మూలసౌధంబు దా" అని ఊపిరి తీసుకొని, "పల మందార వనాంతర" అని అందుకుంటారు. కొత్తగా వినేవారు పలమందారమనే చెట్టు ఒకటి ఉందనుకునే ప్రమాదముంది. మూడవ పఠితకు ఉచ్చారణ శుద్ధంగా ఉంది కాని, ఆయన "వైకుంఠపురములో" అన్నారు. స్వామి ఉన్నది ఆ మూలనున్న మేడ పక్కనా, లేక ప్రధానమైన మేడ పక్కనా? చిన్నప్పుడు మా మాస్టారు చెప్పిన అర్థం సగమే గుర్తుంది.

రాజమహేంద్రవరం నుంచి:
ముందుగా మూడవ ఆయన సంగతి. ఈ పద్యం మత్తేభ వృత్తం. మత్తేభంలో 7వ అక్షరం గురువు కావాలి. "పురంబులో" అంటే "రం" గురువవుతుంది, "పురములో" అంటే అక్కడ లఘువు పడి నడక కుంటుతుంది. 2020లో వచ్చిన "అల వైకుంఠపురములో" సినిమా పేరు చాలామంది నాలుకల మీద నిలిచిపోయింది. ఇక యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంది కుదరవలసిన చోటు, 14వ అక్షరం మీద ఉంది. పాదం మొదట "అ" ఉన్నది కనుక, 14వ చోట వినబడే "నా"లో నకారం ద్రుతమేనని, అంటే ముందు పదం చివరి "న్" అని, పదం "ఆ"తో మొదలవుతున్నదని తేలుతుంది. కాబట్టి "నగరిలో నా" అని ఆగడం అర్థానికీ యతికీ కూడా విరుద్ధం. ఆగితే "నగరిలోన్" దగ్గర ఆగాలి.

తెనాలి నుంచి:
ధన్యవాదాలండీ. కాని యతి "ఆ" వరకే తేల్చింది, "మూల" సంగతి అలాగే మిగిలింది కదా.

హైదరాబాదు నుంచి:
"నగరి" అనగానే నగరమని అనుకోవడం వల్లనే ఈ చిక్కు వచ్చిందని నా అభిప్రాయం. ఇక్కడ నగరి అంటే రాజగృహం. ఒక రాజగృహంలో అనేక భవనాలుంటాయి, వాటిలో ముఖ్యమైనది మూలసౌధం. మూలవిరాట్టు, మూలధనం అన్నప్పటి మూల శబ్దమే ఇది. లోకనాథుణ్ణి మూలనున్న మేడ దగ్గర ఉంచవలసిన అవసరం పోతనకు ఏముంది? అందువల్ల "మూలసౌధంబు" అని ఒక్క ఊపిరిలో చదివిన స్త్రీ గొంతుకే, "నా" దగ్గరి విరుపును మినహాయించి, నా ఓటు.

జనగామ నుంచి:
హైదరాబాదు మిత్రుల వాదం బాగుంది కాని, పద్యం "అల" అనే మాటతో మొదలవుతున్నదని మరవకూడదు. అల అంటే అదిగో, అక్కడ అని వేలు చూపడం. అల వైకుంఠం, అందులో నగరి, అందులో ఆ మూల, అక్కడ సౌధం, దాని దాపల మందారవనం, వనంలో అమృతసరస్సు, దాని ఒడ్డున చంద్రకాంతశిల, దాని మీద కలువల పాన్పు, ఆ పాన్పు మీద రమతో వినోదిస్తున్న స్వామి. ఇలా చూపు ఒక్కొక్క మెట్టు దిగుతూ వెళ్తుంటే "ఆ మూల" ఒక మెట్టు. దాన్ని సమాసంలో కలిపేస్తే మెట్టు ఒకటి తగ్గుతుంది. పెద్దాయన ఆగిన చోటు సరైనదని నా నమ్మకం. బమ్మెర మా జిల్లాలోనే ఉంది. మా వైపు కాడికి కట్టిన ఎద్దులను ఎలపట, దాపట అంటారు. దాపట అంటే ఎడమ. పోతన "దాపల" కూడా అదే.

కడప నుంచి:
పోతనది ఒంటిమిట్ట అని చెప్పేవారూ ఉన్నారు, ఆ ఒంటిమిట్ట మా దగ్గర ఉంది కాబట్టి పోతన విషయంలో మాకూ ఒక మాట చెప్పే చనువు ఉంది. "దాపు" అంటే దగ్గర. "దాపల"ను మా తాతగారు దగ్గర అనే అర్థంలోనే చెప్పేవారు. మేడకు ఎడమవైపు తోట ఉన్నదని కవి దిక్కు లెక్కపెట్టి చెప్పాడనడం కంటే, మేడను ఆనుకొని ఉన్నదనడమే సహజంగా తోస్తుంది.

జనగామ నుంచి:
లెక్కపెట్టి చెప్పడమే ఇక్కడి అందమండీ. భక్తుడు తాను చూసి వచ్చిన ఇంటి ఆనవాళ్ళు చెబుతున్నట్టు ఉండాలి. ఈ పద్యం మధ్యలో పోతన కలం ఆగిపోతే రాముడే వచ్చి పూరించాడని చెప్పుకునే కథ వెనుక ఉన్న భావం కూడా అదేననుకుంటాను. ఆ ఇంటి గుర్తులు ఇంటివాడికే తెలుస్తాయి.

గుంటూరు నుంచి:
ఎడమా దగ్గరా అన్న చర్చ కంటే "దా" దగ్గరి విరుపే నన్ను ఎక్కువ బాధిస్తున్నది. ఈ పద్యంలో మొదటి మూడు పాదాలూ మాట మధ్యలోనే ముగుస్తాయి: దా-పల, ఉపలో-త్పల, వి-హ్వల. పాదం చివర ఊపిరి తీసుకునే అలవాటున్న చదువరి మూడు మాటలనూ విరిచేస్తాడు. కరుణశ్రీ పుష్పవిలాపంలోని మొదటి పద్యంలో కూడా "గోరు" అనే మాట మొదటి పాదం చివర "గో" దగ్గరే తెగుతుంది. అయినా ఘంటసాల గొంతులో విన్నవారికి అక్కడ పాదం విరిగిందన్న స్పృహే కలగదు. ఆడియో పుస్తకం చదివేవారికి మధురమైన కంఠం కంటే ఈ జ్ఞానం ముందు కావాలి. పాదం చివర కాకుండా అర్థం చివర ఊపిరి తీసుకోవాలి.

హైదరాబాదు నుంచి:
అంగీకరిస్తున్నాను. కాని అర్థం చివర ఆగాలంటే ముందు అర్థం నిర్ణయించుకోవాలి. అచ్చులో "ఆ మూల సౌధంబు" అని విడివిడిగా వేసి, తేల్చే బాధ్యతను పాఠకుడికి వదిలిపెట్టవచ్చు. చదివే గొంతుకు ఆ వెసులుబాటు లేదు.

తెనాలి నుంచి:
ఈ రోజు మళ్ళీ పెద్దాయన గొంతు విన్నాను. తరువాతి పద్యంలో ఆయన "శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడే" అని పాదం చివర ఆగి, కాస్త నిలిచి, "పరివారంబును జీరఁడు" అన్నారు. "ఏ పరివారంబును" అని కలపాలని నాకు తెలుసు. అయినా ఆ "సంధింపఁడే"లో, స్వామి ఆయుధాలు కూడా పట్టకుండా బయలుదేరాడన్న ఆశ్చర్యం వినిపించి, రోడ్డు మీద కాసేపు నిలబడిపోయాను. అది తప్పని ఎవరైనా వారికి చెప్పాలా?

గుంటూరు నుంచి:
చెప్పాలి. తప్పకుండా చెప్పాలి. ఆ రికార్డింగు నాకు కూడా పంపండి, ఒకసారి వింటాను.