చెవి కొరికిన టైసన్‌నే తప్పు పట్టాలా, హోలీఫీల్డ్ తల మాటేమిటి?

చివరి వరుస:
1997 జూన్ 28న లాస్ వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్ చెవులు కొరికి మైక్ టైసన్ అనర్హుడైన బాక్సింగ్ పోటీని నిన్న మళ్లీ చూశాను. రెండో రౌండులో హోలీఫీల్డ్ తల తగిలి టైసన్ కుడికంటి పైన చీరుకుపోయింది. రెఫరీ మిల్స్ లేన్ మాత్రం అది కావాలని చేసింది కాదని తేల్చేశాడు. రెచ్చగొట్టినవాణ్ని వదిలేసి రెచ్చిపోయినవాణ్నే శిక్షించారా అన్న సందేహం కలిగింది. సభ్యులు ఏమంటారు?

నాలుగో తాడు:
సందేహం ఎందుకండీ, జరిగింది అదే. 1996 నవంబరులో వీరిద్దరి మొదటి పోటీలోనూ ఆరో రౌండులో హోలీఫీల్డ్ తల తగిలే టైసన్ కంటిపైన తెగింది. అప్పటి రెఫరీ మిచ్ హాల్పర్న్ దాన్నీ ప్రమాదంగానే లెక్కగట్టాడు. రెండో పోటీకి హాల్పర్న్ వద్దని టైసన్ వర్గం అభ్యంతరం చెబితే ఆయన తప్పుకున్నాడు, లేన్ వచ్చాడు, మళ్లీ అదే తల, మళ్లీ అదే తీర్పు. ముందే మొరపెట్టుకున్నవాడికి రెండోసారీ న్యాయం దక్కనప్పుడు ఇక ఎవరిని నమ్మాలి?

తెల్లచొక్కా:
తలలు ఎందుకు తగిలాయో చూడాలి. పొట్టివాడైన టైసన్ నడుము వంచి, తల ఊపుకుంటూ ఎదుటివాడి ఛాతీలోకి దూసుకొచ్చే బాక్సర్. హోలీఫీల్డ్ అతనికంటే సుమారు నాలుగంగుళాలు పొడవు, పైగా దగ్గరికొస్తే ముందుకు వంగి పట్టేసుకునేవాడు. అలాంటి ఇద్దరు కలిస్తే తలలు తగలకుండా ఉండవు. ఇక మూడో రౌండు మొదలు చూడండి. టైసన్ మౌత్‌పీస్ (పళ్లకు రక్షణగా నోట్లో పెట్టుకునే తొడుగు) లేకుండానే కార్నర్ నుంచి లేచి వచ్చాడు. లేన్ వెనక్కి పంపితే వెళ్లి పెట్టుకొచ్చాడు. తరువాత దాన్ని ఉమ్మేసి కుడిచెవి ముక్క కొరికాడు. అదంతా ఆవేశంలో జరిగిపోయిందంటే నేను ఒప్పుకోను.

నాలుగో తాడు:
మౌత్‌పీస్ సంగతి తరువాత. నేను అడిగింది తల గురించి. 2002లో హసీమ్ రహ్మాన్ నుదుటి మీద హోలీఫీల్డ్ తల తగిలి ఎంత వాపు వచ్చిందో అందరూ చూశారు. ఇన్నిసార్లు ప్రమాదమే అవుతుందా?

ఎడమచేతి వాటం:
అన్యాయం లెక్కే తీస్తే హోలీఫీల్డ్‌కూ ఒకటుంది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో, రెఫరీ ఆగమన్నాక కొట్టాడని అతణ్ని అనర్హుడిగా ప్రకటించారు. కింద పడిపోయిన కెవిన్ బ్యారీ విజేత అయ్యాడు. హోలీఫీల్డ్ కాంస్యంతో సరిపెట్టుకున్నాడు, ఎవరినీ కొరకలేదు.

స్కోర్‌కార్డు:
తలతో పొడవడం వల్లే టైసన్ అదుపు తప్పాడనేవారు మరో మూడు పోటీలు కూడా చూడాలి. 1999 జనవరిలో ఫ్రాన్సువా బోథా చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. అదే ఏడాది అక్టోబరులో మొదటి రౌండు గంట మోగాక ఓర్లిన్ నోరిస్‌ను కొట్టాడు, పడినప్పుడు మోకాలు దెబ్బతిందని నోరిస్ కొనసాగలేదు, పోటీని ఫలితం లేనిదిగా తేల్చారు. 2000 జూన్‌లో గ్లాస్గోలో లూ సవారీజ్‌ను 38 సెకన్లలోనే ఓడించి, రెఫరీ ఆపుతున్నా గుద్దుతూనే పోయి ఆ రెఫరీనే కింద పడేశాడు. ఆ మూడింట్లో ఎవరి తలా తగలలేదు. ఓడిపోతున్నప్పుడే ఇలా చేస్తాడన్న వాదన కూడా నిలవదు, సవారీజ్ మీద అప్పటికే గెలిచేశాడు.

చివరి వరుస:
గ్లాస్గో సంగతి నాకు తెలియదు. ధన్యవాదాలు.

నాలుగో తాడు:
కాగితం మీద లెక్కలు వేయడం తేలిక. కాలేజీ రోజుల్లో నేనూ రింగెక్కినవాణ్నే. ఎదుటివాడు ప్రతి క్లించ్‌లోనూ, అంటే ఒకరినొకరు పట్టేసుకున్నప్పుడల్లా, నుదుటితో నా కనుబొమ్మ మీద పొడిచేవాడు. రక్తం కంట్లోకి కారుతుంటే రెఫరీకి చెయ్యి ఎత్తి చూపించాను. చూపిస్తున్న ఆ క్షణంలోనే దెబ్బ పడింది. తేరుకునేందుకని ఆయన ఎనిమిది వరకు లెక్కపెట్టింది నాకే. కుట్ల గుర్తు ఇప్పటికీ ఉంది. అందుకే టైసన్‌ను తిట్టే ముందు ఒక్క క్షణం ఆగమంటున్నాను.

తెల్లచొక్కా:
మీ కుట్లకు బాధపడతాను, కాని వాటితో హోలీఫీల్డ్ చెవికి సంబంధం లేదు. అమెచ్యూర్ పోటీల్లో చాలాకాలం రెఫరీగా తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డవాణ్ని. ఇద్దరి వీపుల మధ్య నుంచి, అరక్షణంలో, ఒక పక్క నుంచే చూసి చెప్పాలి. ఓడిన ప్రతివాడూ రెఫరీ గుడ్డివాడనే అంటాడు. ఒక పోటీ తరువాత ఓడిన కుర్రాడి వాళ్లు నన్ను గదిలో పెట్టి గడియ వేశారు. వాళ్లది కూడా న్యాయమైన కోపమేనని మీరంటారు కాబోలు!

నాలుగో తాడు:
నేను అనని మాట నా నోట పెట్టకండి. రెఫరీ తప్పు చేస్తే బాక్సర్ ఎవరితో చెప్పుకోవాలన్నదే నా ప్రశ్న. మీరేమో రెఫరీ ఎంత కష్టపడతాడో చెబుతున్నారు. రింగులో ఉన్నవాడికి వెంటనే దక్కే న్యాయం ఒక్కటైనా ఉంటే చెప్పండి.

తెల్లచొక్కా:
లేదు. పోటీ అయ్యాక ఫిర్యాదు చేయవచ్చు, అంతే. అది తెలిసే ప్రతివాడూ గ్లవ్స్ కట్టుకుంటాడు. తీర్పు నచ్చనప్పుడు సొంతంగా శిక్ష వేసే హక్కు ఉందంటే ఆ ఆటకు రెఫరీ అక్కర్లేదు.

స్కోర్‌కార్డు:
మీ ఇద్దరూ డబ్బు సంగతి వదిలేశారు. టైసన్‌కు వచ్చిన మూడు కోట్ల డాలర్ల పారితోషికంలో, అక్కడి బాక్సింగ్‌ను నియంత్రించే నెవాడా కమిషన్ వేసిన జరిమానా ముప్పై లక్షలు, అంటే పదో వంతు. 1997 జూలైలో రద్దు చేసిన అతని బాక్సింగ్ లైసెన్సును 1998 అక్టోబరులో తిరిగిచ్చింది. బోథా, నోరిస్ ఘటనలు ఆ తరువాతివే. అతని కోపాన్ని చూడటానికే జనం టికెట్లు కొంటారని వాళ్లకు తెలియదా?

తెల్లచొక్కా:
ఆ మాటతో ఏకీభవిస్తాను. ఇంకొకటి కూడా చెబుతాను. మొదటి కాటుకే పోటీ ఆపకుండా, రెండు పాయింట్లు కోసి కొనసాగించడం లేన్ చేసిన పెద్ద పొరపాటు. హోలీఫీల్డ్ ఆడగలడని డాక్టరు చెబితే మాత్రం! ఆడగలగడం వేరు, పోటీ సాగాలా వద్దా అన్నది వేరు. ఆపి ఉంటే రెండో కాటు తప్పి ఎడమచెవి మిగిలేది.

నాలుగో తాడు:
చూశారా, రెఫరీ పొరపాటు అని మీరే అంటున్నారు! రెండో రౌండులోనే తలకు పాయింటు కోసి ఉంటే కాటు దాకా వచ్చేదే కాదు.

ఎడమచేతి వాటం:
మళ్లీ తల దగ్గరికే వచ్చారు.

తెల్లచొక్కా:
వస్తారని తెలుసు. పాయింటు కోసి ఉంటే, ఒక్కటే ఎందుకు కోశాడని అడిగేవారు.