కుండీ మొక్కలకు ఆర్వో కొనాలా? డెల్టా బోరు నీళ్ళ మీద చర్చ

నరసాపురం బాల్కనీ: ఇంట్లో 12 కుండీలున్నాయి. కలాథియా, పీస్ లిల్లీ, మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు. బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగిన ఉప్పుల కొలత) 1400. ఆకుల చివర్లు మాడుతున్నాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతోంది. షాపులో కార్బన్ ఫిల్టరూ సాఫ్టెనరూ కలిపి పెట్టమంటున్నారు. లేక ఆర్వోనే కొనాలా? తక్కువలో ఏది తేలుతుంది?

కడియం కుండీలు: ఆ రెండూ వద్దండి. కార్బన్ క్లోరిన్ తీస్తుంది గానీ కరిగిన ఉప్పుని ఆపలేదు. సాఫ్టెనరైతే మరీ చేటు: కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. సముద్రం దగ్గరి బోర్లలో సోడియం ముందే ఎక్కువ. ఉప్పు దించేది ఆర్వోనే, కొనేయండి.

లంక మొక్కలు: కొనడం దగ్గర నేనొప్పుకోనండి. లెక్క చూడండి. కుండీకి అరలీటరు చొప్పున వారానికి రెండుసార్లంటే 12 లీటర్లు. టీడీఎస్ 60 ఉన్న ఆర్వో నీళ్ళు మూడు పాళ్ళు, మీ బోరువి ఒక పాలు కలిపితే 395కి దిగుతుంది. అంటే వారానికి ఆర్వో నీళ్ళు 9 లీటర్లే. వాటర్ ప్లాంటు టిన్ను, 20 లీటర్లది, రెండు వారాలొస్తుంది. టిన్ను 20 రూపాయలనుకున్నా ఏడాదికి 520. మిషను ధర అటుంచి, ఫిల్టర్లు మార్చే ఖర్చే అది దాటిపోతుంది. పైగా లీటరు మంచినీళ్ళిచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. మీరు కొనాల్సింది టీడీఎస్ మీటరు.

కడియం కుండీలు: టిన్ను లెక్క సరే. కానీ కలాథియాకి 395 ఎక్కువే. దానికీ పీస్ లిల్లీకీ ఉత్త ఆర్వో పోయండి, మిగతావి మీరన్న కలుపుతో నెగ్గుకొస్తాయి. ఉత్త ఆర్వో నీళ్ళలో కాల్షియం దాదాపు ఉండదు గనక ఎరువులో అది ఉండేలా చూడాలి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కుండీలకైతే తప్పదు, ఆ పొట్టు కాల్షియాన్ని తానే పట్టేసుకుంటుంది.

కాలువగట్టు: కాలువని మర్చిపోయారేంటండీ! ధవళేశ్వరం నుంచి వచ్చే గోదారి నీళ్ళకి ఉప్పు బాధ లేదు, బురదే. 20 లీటర్లకు గ్రాము పటిక పొడి వేసి, బాగా తిప్పి, రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట వంచుకోండి. పటిక ఎక్కువేస్తే నీళ్ళు ఆమ్లమవుతాయి. రొయ్యల చెరువుల నీళ్ళు కలిసే మురుగు కాలువలో మాత్రం ముంచొద్దు.

లంక మొక్కలు: వేసవిలో కాలువలు కట్టేస్తారుగా, మొక్క ఎక్కువ నీళ్ళడిగేదీ అప్పుడే. వాన నీళ్ళు పట్టి ఉంచుకోవాలి. 10 చదరపు మీటర్ల డాబా మీద 10 మి.మీ. వాన పడితే 100 లీటర్లు, పోనుపోగా 80 దక్కుతాయి. మొదటి పది నిమిషాల నీళ్ళు వదిలేయండి, దుమ్మూ రెట్టలూ పోతాయి. 200 లీటర్ల డ్రమ్ము మీకు 16 వారాలొస్తుంది. మూత బిగించి నీడన పెట్టకపోతే దోమలు, పాచి.

నరసాపురం బాల్కనీ: మట్టిలో ఇప్పటికే పేరుకున్న ఉప్పు సంగతేంటండీ?

కడియం కుండీలు: పై పొర అరంగుళం గోకి తీసేయండి. కుండీ ఎంత పడితే దానికి రెండింతల మంచినీళ్ళు మెల్లగా పోస్తూ అడుగు నుంచి కారేదాన్ని మీటరుతో కొలవండి. రీడింగు బాగా పడిపోయేదాకా పోయాలి. కింద పళ్ళెంలో నిలిచింది వెంటనే పారబోయండి, లేదంటే మట్టి ఆ ఉప్పునే మళ్ళీ పీల్చుకుంటుంది. మాడిన చివర్లు తిరిగి పచ్చబడవు, కొత్తగా విచ్చే ఆకుని చూసుకోండి.