200 ఇళ్ల మురుగు ఏట్లో కలుస్తోంది, ఏ పద్ధతి పెడితే నిలబడుతుంది?

ఏటిగట్టు:
నమస్తే అండీ. మాది సుమారు 200 ఇళ్లు, 800 మంది ఉన్న చిన్న ఊరు. ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉంది, కానీ పొంగిన నీళ్లన్నీ సైడు కాలువలోంచి ఏట్లోకే పోతున్నాయి. ఈ మధ్య తెల్లవారుజామున గట్టుకు వెళ్తే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉంటున్నాయి. పొద్దెక్కాక చూస్తే ఒక్కటీ పైకి రాదు. బ్లోయర్లతో మురుగులోకి గాలి కొట్టి శుభ్రం చేసే ప్లాంటు పెడదామని కొందరు, ట్యాంకులున్నాయిగా ఇంకెందుకు అని కొందరు. అందరం చందాలేసుకుని పెట్టాక రెండేళ్లకే మూలపడితే ఎలా అని నా టెన్షన్.

బురదలో పదేళ్లు:
ముందు చేపల సంగతి. సెప్టిక్ ట్యాంకు మడ్డిని అడుక్కి దించుతుంది, అంతే. మురుగులో ఆక్సిజన్‌ని తినేసే సరుకులో 30-40 శాతమే అక్కడ తగ్గుతుంది, మిగతాదంతా నత్రజని, భాస్వరంతో సహా ఏట్లోకి వస్తుంది. దాంతో నాచు పెరుగుతుంది. ఆ నాచు పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది, అందుకే తెల్లారేముందు నీళ్లలో ఆక్సిజన్ అట్టడుక్కి పడిపోతుంది. 30 డిగ్రీల నీళ్లు మామూలుగా పట్టి ఉంచేదే లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు, చాలా చేపలకు నాలుగైదు కావాలి. మధ్యాహ్నం శాంపిల్ తీసి ఏరు బాగానే ఉందని ఎవరైనా అంటే నమ్మకండి, సూర్యోదయానికి ముందే ఆక్సిజన్ మీటరు పెట్టి చూడండి.

జల్లెడ:
మా కాలనీలో బ్లోయర్ ప్లాంటే పెట్టాం. మొదట్లో నీళ్లు నిజంగా బాగా వచ్చేవి. అక్కడ మురుగుని తినే బ్యాక్టీరియాకి గాలి ఆగకుండా అందాలి, కరెంటు పోయి గంటల తరబడి రాకపోతే చచ్చిపోవడం మొదలవుతుంది. మమ్మల్ని ముంచింది మాత్రం కరెంటు కాదు, బురద. గాలి కొట్టే ట్యాంకులోంచి లీటరు జాడీలో నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచితే గోధుమరంగు బురద కిందికి దిగి పైన తేట కనబడాలి. మొదట్లో ఆ బురద 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగేది. తర్వాత 800కి వచ్చినా ఎవరూ బురద తీయించలేదు, ఎక్కడ పోయాలో ముందే అనుకోలేదు కాబట్టి. చివరికి వానాకాలంలో అదంతా కొట్టుకుపోయి ఏట్లోనే పడింది. చూసి చాలా బాధేసింది.

జమ్ముగడ్డి:
జల్లెడ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. స్థలం ఉంటే గురుత్వంతో నడిచేది చూడండి: ముందు మడ్డి దిగే ట్యాంకు, తర్వాత అడ్డుగోడలతో నీటిని కిందికీ పైకీ తిప్పే గాలి తగలని ట్యాంకు, ఆఖర్న జమ్ము నాటిన కంకర మడి, దాదాపు 60 సెంటీమీటర్ల లోతు. మడికి వేడి ప్రాంతాల్లో మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్లు సరిపోతాయి, చలి ప్రాంతాల్లో 5, ఇంకా ఎక్కువ కూడా కావాలి. కంకరలోకి మడ్డి వచ్చిందా, పూడిపోయి నీళ్లు పైనే నిలుస్తాయి, తవ్వి కడగాల్సిందే, అది నరకం. అలాగే వాననీటి కాలువని మురుగులో కలపనివ్వకండి, ఒక్క పెద్ద వానకి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఏటిగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. మావాళ్లతో కలిసి నిన్న 6 ట్యాంకుల మూతలు తీయించాం, నాలుగింటిలో మడ్డి సగం పైనే ఉంది, కట్టినప్పటి నుంచి తీయించలేదట. అయితే కొత్తది కట్టేదాకా వీటిని ఖాళీ చేయిస్తే ఏటికి ఏమైనా తేడా ఉంటుందా?

బురదలో పదేళ్లు:
కొంత ఉంటుందండీ, మూడోవంతు నిండితేనే తీయించేయాలి, మీవి అది దాటిపోయాయి. కాకపోతే ఆ బండివాడు ఎక్కడ పోస్తున్నాడో వెనకే వెళ్లి చూడండి, చాలాచోట్ల తిరిగి ఏటి పక్కనే ఒంపుతారు.