అప్‌డేట్: గెస్ట్ మెమరీ లెక్క హోస్ట్‌కి ఇప్పుడు సరిగ్గా అందుతోంది

నేనడిగింది: కేవీఎం (లైనక్స్‌లో వర్చువల్ మెషిన్లు నడిపే వ్యవస్థ) గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషిన్‌లో, 8 జీబీ మెమరీలో సగం ఖాళీగా ఉన్నా, దాన్ని నడిపే అసలు మెషిన్ (హోస్ట్) మాత్రం మొత్తం వాడేసినట్టు ఎందుకు చూపిస్తోందని. హోస్ట్ చూసేది ఆర్‌ఎస్‌ఎస్, అంటే గెస్ట్ ఒక్కసారైనా ముట్టుకున్న పేజీలు (మెమరీ ముక్కలు). గెస్ట్ వదిలేసినా అవి వాటంతటవి వెనక్కి రావు. రావాలంటే బెలూన్ డివైస్‌లో (గెస్ట్, హోస్ట్ మధ్య మెమరీ సర్దే వర్చువల్ పరికరం) ఫ్రీ పేజ్ రిపోర్టింగ్ (ఖాళీ పేజీలను హోస్ట్‌కి చెప్పడం) ఆన్ చేయాలి.

గెస్ట్ లోపలి లెక్క చెప్పేదీ ఆ బెలూన్ డివైసే (వర్ట్‌ఐఓ బెలూన్). కానీ పోలింగ్ పీరియడ్ (ఎన్ని సెకన్లకోసారి లెక్క అడగాలన్నది) సున్నా అయితే హోస్ట్ అసలు అడగదు. నా తప్పు అక్కడే. గెస్ట్ మెమరీ లెక్క చూపే 'విర్ష్ డొమ్‌మెమ్‌స్టాట్' కమాండ్‌కి పీరియడ్ 10 ఇచ్చి, లైవ్‌తో (ఇప్పుడు నడుస్తున్న గెస్ట్‌కి) పాటు కాన్ఫిగ్ (సేవ్ అయ్యే సెట్టింగ్) కూడా పెట్టాను (లేకపోతే గెస్ట్‌ని ఆపి మళ్లీ లేపితే పోతుంది). వెంటనే 'లాస్ట్ అప్‌డేట్' (లెక్క చివరిసారి అందిన సమయం) అంకె కదిలింది.

ఆ లెక్కలో 'అన్‌యూజ్డ్' (పూర్తిగా ఖాళీ మెమరీ) తక్కువుందని కంగారు పడకండి, పేజ్ క్యాష్ (ఫైళ్ల కోసం వాడి, అవసరమైతే వదిలేసే మెమరీ) అందులో కలవదు. 'యూజబుల్' (నిజంగా వాడుకోగలిగిన మెమరీ) చూడండి. విండోస్ గెస్ట్‌లోనైతే డ్రైవర్ ఒక్కటే చాలదు, బెలూన్ సర్వీస్ కూడా నడుస్తూ ఉండాలి.