డీఎండీ బాబుకి స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి? రాత్రి స్ప్లింట్లు ఉంచుకోవట్లేదు

ప్రశ్న (ఒక అమ్మ, ఖమ్మం)
బాబుకి ఆరేళ్లు, 20 కిలోలు. ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్షలో డుషెన్ (డీఎండీ, కండలు క్రమంగా బలహీనపడే జబ్బు) అని తేలింది. డెఫ్లజాకార్ట్ అనే స్టెరాయిడ్ రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు. ముందుగా ఏమేం చూసుకోవాలి? రాత్రి ఏఎఫ్ఓలు (చీలమండను పట్టి ఉంచే స్ప్లింట్లు) వేస్తే కాసేపటికే తన్నేస్తున్నాడు. పగలే వేసి నడిపించమంటున్నారు ఇంట్లో పెద్దవాళ్లు. నడిపించొచ్చా?

జవాబు (పిల్లల వార్డు నర్సు)
ముందు టీకాల కార్డు తీయండమ్మా. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి. స్టెరాయిడ్ పూర్తి డోసులో నడుస్తుంటే వాటిని వేయరు. డోసులు బాకీ ఉంటే ఇప్పుడే వేయించి, కనీసం నాలుగు వారాలు ఆగి మాత్ర మొదలుపెట్టొచ్చేమో డాక్టరుగారిని అడగండి. న్యుమోకాకల్, ఏటా వేసే ఫ్లూ ఇంజెక్షన్ తర్వాతైనా వేయించొచ్చు. విటమిన్ డి, కంటి పరీక్ష కూడా ఇప్పుడే చేయించేస్తే తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది.

మామూలు లెక్క రోజుకి కిలోకి 0.9 మి.గ్రా. మీ బాబుకి 18, అంటే 6 మి.గ్రా. మాత్రలు మూడు. చీటీలో వేరేలా ఉంటే ఎందుకో అడగండి, మీరుగా మార్చొద్దు. పొద్దున టిఫిన్ తిన్నాక వేయండి, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. ఆకలి విపరీతంగా పెరుగుతుంది. బిస్కెట్లు, చిప్స్ ఇంట్లోకి తేకపోవడమే మంచిది, ఎదురుగా పెట్టి వద్దంటే పిల్లాడు ఏం చేస్తాడు?

అన్నిటికంటే ముఖ్యం: మాత్ర ఉన్నట్టుండి ఆపకూడదు. రోజూ బయటినుంచి అందుతుంటే ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి. ఊరెళ్తూ మందు మరిచిపోయినా, వాంతులతో మాత్ర నిలవకపోయినా బీపీ, షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర కడుపులో నిలవకపోతే మర్నాటి దాకా చూడొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లి స్టెరాయిడ్ మీద ఉన్నాడని మొదటి మాటగా చెప్పండి. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇస్తారు.

జవాబు (ఫిజియోథెరపిస్టు)
ఏఎఫ్ఓతో నడిపించొద్దు. తొడ కండ బలహీనం కాబట్టి ఈ పిల్లలు మునివేళ్ల మీద నడిచి మోకాలిని నిలబెట్టుకుంటారు. మడమ కట్టేస్తే ఆ ఆధారం పోయి పడిపోతారు. అది రాత్రికే.

తన్నేస్తున్నాడంటే చాలాసార్లు కారణం మడమ పైకి లేచి రాసుకోవడం. మోకాలు మడిచి, మడమను వెనక్కి పూర్తిగా దిగేలా నొక్కి, చీలమండ పట్టీ ముందు బిగించండి, పిక్క పట్టీ తర్వాత. లోపల కుట్లు లేని పొడుగు కాటన్ సాక్సు. మొదట టీవీ చూసేటప్పుడు గంట వేసి అలవాటు చేయండి. రెండూ ఒకేసారి ఓర్చుకోకపోతే ఒక రాత్రి కుడి, ఒక రాత్రి ఎడమ. తీశాక ఎర్రమచ్చ అరగంటైనా పోకపోతే తయారుచేసిన చోటికి తీసుకెళ్లి అక్కడ సరిచేయించాలి.

స్ట్రెచింగ్ స్నానం తర్వాత, వేడినీళ్లకి కండ సడలినప్పుడు. మోకాలు చాపి, మడమను అరచేతిలో ఇముడ్చుకోండి. అరికాలు మీ ముంజేతికి ఆనాలి. మడమను కిందికి లాగుతూ ముంజేత్తో పాదాన్ని పైకి నెట్టండి. మునివేళ్లు పట్టి నెడితే పాదం మధ్యలో వంగుతుంది తప్ప పిక్క సాగదు. ముప్ఫై లెక్కపెట్టేదాకా పట్టి వదలండి. నొప్పి అన్నాడంటే తగ్గించండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండి. స్కూల్లో క్లాసు రెండో అంతస్తులో ఉంది, పర్వాలేదా?

జవాబు (ఫిజియోథెరపిస్టు)
కిందికి మార్పించండి. ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ నష్టం, కండ సాగుతూ బరువు మోయాలి కదా. ట్రాంపోలిన్ వద్దు. ఈత మంచిది. మూత్రం కోలా రంగులో వస్తే కండ దెబ్బతిందని గుర్తు, అదే రోజు చూపించాలి. లేపేటప్పుడు చంకల కింద చేతులు వేయకండి, భుజాలు జారిపోతాయి. ఒక చేయి వీపుకి, ఇంకోటి తొడల కింద.

జవాబు (డీఎండీ పిల్లాడి నాన్న)
ఒక కాగితం లామినేట్ చేయించి స్కూలు బ్యాగులో ఒకటి, మీ పర్సులో ఒకటి పెట్టండి. అందులో రాయాల్సినవి: డీఎండీ, రోజూ స్టెరాయిడ్, డోసు, మత్తు ఇవ్వాల్సివస్తే సక్సినైల్‌కోలిన్ (కండలు సడలించే మందు) వాడకూడదు, పీల్చే మత్తు గ్యాసులు కూడా వద్దు, నరం ద్వారా ఇచ్చే మత్తు మందులే, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్షలు ఎక్కువగా రావడం కండ వల్ల, లివర్ అనుమానం ఉంటే జీజీటీ అనే పరీక్ష చూడాలి. చివర న్యూరాలజిస్టు నంబరు. ఏటా ఎకో (గుండె స్కాన్), ఊపిరితిత్తుల పరీక్ష తేదీలు వెనక వైపు రాసుకోండి, గుండె బాగున్నట్టు కనిపించినా మానొద్దు.