పాత స్విఫ్ట్ డీజిల్: మైలేజీ కోసం ఇంజిన్‌లో మార్పులు చేయించాలా?

ఉప్పల్_వీడీఐ
2012 స్విఫ్ట్ వీడీఐ, 1.3 డీడీఐఎస్, 1,42,000 కి.మీ. తిరిగింది. రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి, ఏసీ వేసుకునే. ఇదివరకు 18 ఇచ్చేది, ఇప్పుడు 14.5 దాటట్లేదు. పోయినేడు 15 అంగుళాల అల్లాయ్‌లు, 195/65 టైర్లు వేయించాను. మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే నల్లపొగ. గ్యారేజీలో ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) మూసేసే బ్లాంకింగ్, ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చే రీమ్యాప్, కోన్ ఆకారపు ఎయిర్ ఫిల్టర్, నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసి ఇంజిన్‌కిచ్చే కిట్ అంటున్నారు. ఏది పనికొస్తుంది అన్నలూ?

నాజిల్
ముందు లెక్క సరిచేసుకోండి. వీడీఐతో వచ్చే 165/80 ఆర్14 టైరు వ్యాసం దాదాపు 620 మి.మీ., మీరు వేసినది 634. చక్రం ఒక్క చుట్టుకి బండి 2.4 శాతం ఎక్కువ పోతుంది, ఓడోమీటర్‌కి ఆ సంగతి తెలీదు. మీ 14.5 అసలు 14.8. కాకపోతే వెడల్పాటి బరువు చక్రం సిటీలో డీజిల్ తాగడం మాత్రం నిజం. మళ్లీ టైర్లు మార్చేటప్పుడు 185/65 ఆర్15 వేయించండి, వ్యాసం అసలుదానికి దగ్గరగా వస్తుంది.

నల్లపొగ అంటే పడుతున్న డీజిల్‌కి గాలి చాలట్లేదని. గాలిని నెట్టే టర్బో నుంచి దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నుంచి సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌కి వెళ్లే హోస్‌లు చూడండి; బయట ఆయిల్ చెమ్మ కనిపించినచోట చీలిక ఉండొచ్చు. ఇన్‌టేక్ మూసి అర బార్ గాలి పట్టించి సబ్బునీళ్లు రాస్తే బుడగలు చెప్పేస్తాయి. ఇంకా ఎక్కువ పట్టించొద్దు, సీళ్లు పాడవుతాయి. తర్వాత లోపలికెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్: దానికోసమే అమ్మే స్ప్రేతోనే కడగాలి, గుడ్డ తగలకూడదు. చివరికి ఈజీఆర్ వాల్వ్. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే పికప్ పోతుంది, పొగ వస్తుంది. విప్పి శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే చాలు.

రాణిగంజ్_రెంచ్
హోస్‌లు బాగుంటే ఇంజెక్టర్ల లీక్-ఆఫ్ టెస్ట్, అంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో ఏది ఎక్కువ వెనక్కి వదులుతోందో చూడటం. నాలుగు రిటర్న్ పైపులూ నాలుగు సీసాల్లో పెట్టి, వేడెక్కిన ఇంజిన్‌ని ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. మిగతా వాటికంటే రెట్టింపు డీజిల్ వచ్చిన సీసా ఎవరిదో వాళ్లే దొంగ. ఇంజెక్టర్ తీస్తే కింద రాగి వాషర్ కొత్తది వేయాల్సిందే, పాతది వేస్తే గ్యాస్ లీకై చుట్టూ నల్లటి తారులా గడ్డకడుతుంది. కొత్త ఇంజెక్టర్ మీదున్న కోడ్ ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) ఎక్కించమనండి. చాలాచోట్ల ఆ పని ఎగ్గొడతారు.

అందరూ మర్చిపోయేది థర్మోస్టాట్, వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వ్. ఇంజిన్ రీడింగులు చూపే ఓబీడీ రీడర్ పెట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 స్పీడులో వెళ్తే కూలెంట్ 80 డిగ్రీల పైన నిలబడాలి. 65కి జారుతోందంటే అది తెరుచుకుని ఇరుక్కుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీయూ డీజిల్ ఎక్కువ పోస్తుంది. బ్రేకులూ అంతే: 20 కి.మీ. తిప్పి దిగి, నాలుగు చక్రాల దగ్గరా వేడి పోల్చండి. ఒకటి కాలిపోతుంటే దాని బ్రేకు ఇరుక్కున్నట్టే.

ఉప్పల్_వీడీఐ
సరే, ఇవన్నీ అయ్యాక రీమ్యాప్?

నాజిల్
అయ్యాకనైతే ఆలోచించొచ్చు. 1500 ఆర్పీఎం దగ్గర టార్క్ పెరిగితే పై గేరు త్వరగా పడుతుంది, ఆ మేరకే లాభం. ఆ టార్క్‌ని ఆస్వాదిస్తే ఉన్నదీ పోతుంది, పాత క్లచ్ జారడం అదనం. ట్యూనింగ్ బాక్స్ అయితే అసలొద్దు. అది ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి (రైల్ ప్రెషర్) తక్కువుందని ఈసీయూకి అబద్ధం చెప్తుంది కాబట్టి, నిజంగా పడే డీజిల్ ఎక్కువైనా మీటర్‌లో మైలేజీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మెచ్చుకునేవాళ్లలో సగంమంది చూసేది ఆ అంకెనే.

కోన్ ఫిల్టర్ దండగ. పైగా దానికి పూసే ఆయిల్ మాఫ్ మీద పడుతుంది. ఈజీఆర్ బ్లాంక్ చేసినా మైలేజీ అంతే, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెరుగుతాయి, చెక్ ఇంజిన్ లైటూ వెలగొచ్చు. హైడ్రోజన్ కిట్ 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు లాగితే 180 వాట్లు. ఆల్టర్నేటర్ నష్టాలతో కలిపి ఇంజిన్ 300 దాకా ఇవ్వాలి, తిరిగొచ్చే గ్యాస్‌లో అంత శక్తి ఉండదు.

రాణిగంజ్_రెంచ్
కొలత ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంకే. అదే బంకు, అదే గన్, మొదటి కటాఫ్‌కే ఆపమనండి, కనీసం 400 కి.మీ. తిరగండి, వచ్చిన దూరాన్ని 1.024తో గుణించండి. ఒక్కో పనికి ఒక్కో ట్యాంక్. అన్నీ ఒకేసారి చేయిస్తే దేనివల్ల పెరిగిందో తేలదు.