ప్రధానోపాధ్యాయులు తరగతిలో కూర్చుంటే తనిఖీ అనిపించకుండా ఎలా?

ప్రశ్న: హెచ్‌ఎం, మెహిదీపట్నం ప్రాంతం

అందరికీ నమస్కారం. పంతొమ్మిదేళ్లు జీవశాస్త్రం బోధించి, గత ఏడాది పదోన్నతిపై ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చాను. బోధనకు మేమే నాయకత్వం వహించాలని శిక్షణలలో చెబుతున్నారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రధానోపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలనీ, అందులో పాలనతో పాటు బోధన కూడా భాగం కావాలనీ పేర్కొంది. కానీ నా రోజంతా మధ్యాహ్న భోజనం లెక్కలకు, యూడైస్ (బడుల గణాంకాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) వివరాలకు, గంటలో పంపమనే నివేదికలకు సరిపోతోంది. వీలు చేసుకుని తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చుంటే ఉపాధ్యాయులు బిగుసుకుపోతున్నారు. మొన్న ఒక సీనియర్ సార్ "నా మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా మేడమ్?" అని అడిగేసరికి మనసు చివుక్కుమంది. ఈ జంకు పోవాలంటే ఏం చేయాలి?

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, సికింద్రాబాద్

మేడమ్ గారూ, ఆ సార్ భయానికి కారణం ఉంది. హెచ్‌ఎం తరగతికి వచ్చారంటే ఇన్‌స్పెక్షనో, ఫిర్యాదో అయి ఉంటుందన్నది మన బడులలో పాతుకుపోయిన అనుభవం. అందుకే నేను ముందు నా పాఠానికే మా ఉపాధ్యాయులను పిలిచాను. వారానికి నాలుగు పీరియడ్లు ఎనిమిదో తరగతి గణితం చెబుతూ, లోపాలుంటే చెప్పమని అడిగేవాణ్ని. తర్వాత వారి తరగతులకు వెళ్లినప్పుడు ఉపాధ్యాయుణ్ని కాక పిల్లల నోటుపుస్తకాలను చూసేవాణ్ని.

ఒకరోజు ఏడో తరగతిలో భిన్నాల కూడిక జరుగుతోంది. బోర్డు మీద లెక్కలో తప్పేమీ లేదు. "అర్థమైందా?" అంటే అందరూ "అయింది సార్" అన్నారు. నా పక్కనున్న అబ్బాయి మాత్రం 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసుకున్నాడు. కలిపాక వచ్చినది సగం కన్నా తగ్గిందని వాడికి తట్టలేదు. ఆ వరుసలో మరో ముగ్గురిదీ అదే జవాబు. సాయంత్రం ఆ నాలుగు పుస్తకాలు ఆ సార్ ముందు పెట్టి, ఇద్దరం టీ తాగుతూ మాట్లాడుకున్నాం. మర్నాడు ఆయన కాగితం పట్టీలు మడిపించి అదే పాఠం మళ్లీ చెప్పారు. రిజిస్టర్‌లో నేనేమీ రాయలేదు.

న్యూజిలాండ్ విద్యా పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం 2008లో అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, ప్రధానోపాధ్యాయులు చేసే పనులలో పిల్లల చదువుపై ఎక్కువ ప్రభావం చూపినది ఉపాధ్యాయుల అభ్యసనంలో తామూ పాలుపంచుకోవడమేనని తేలింది.

జవాబు: ఇంగ్లీషు టీచర్, ప్రైవేటు పాఠశాల, కూకట్‌పల్లి

సార్ మాటకు ఒకటి చేర్చుతాను. గతంలో నేను పనిచేసిన చోట పరిశీలన మార్కులను బట్టే ఇంక్రిమెంటు ఉండేది. అందువల్ల ప్రిన్సిపాల్ గారు వచ్చే రోజున పిల్లలకు ముందే వచ్చిన పాఠాన్నే మళ్లీ చెప్పేవాళ్లం. నిజంగా ఇబ్బంది పడుతున్న పాఠాన్ని ఆమెకు చూపించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. దయచేసి తరగతి పరిశీలననూ, పనితీరుకు మార్కులు వేయడాన్నీ కలపకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మంగళవారం రెండో పీరియడ్‌లో తొమ్మిదో తరగతి జీవశాస్త్రం నేనే తీసుకుంటున్నాను. ద్విభాషా పుస్తకంలో తెలుగు పేజీ చదివి అర్థం చేసుకున్న పిల్లలు జవాబు దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషు వాక్యాలను బట్టీపడుతున్నారు. దాన్ని ఎలా సరిచేయాలో నాకూ అంతుపట్టడం లేదు. ఆ పాఠం చూడడానికి రమ్మని ఆ సీనియర్ సార్‌నే అడిగాను, వస్తానన్నారు.